ఊరు రక్తమిస్తే ఫలితం ఊరికి చెప్పాలి

మేడ్చల్: నాగపూరు రోడ్డు మీద మేడ్చల్, కరీంనగర్ రోడ్డు మీద శామీర్‌పేట. ఒకప్పుడు ఈ రెండు రోడ్ల పక్కన ద్రాక్ష తోటలు, వరి మళ్లు, కూరగాయల పాదులు కనిపించేవి. ఇప్పుడు మందుల కంపెనీల ప్రహరీ గోడలు కనిపిస్తున్నాయి. ఆ గోడల లోపల తయారయ్యే టీకాలు కాలేయాన్ని, పేగులను కాపాడేవి. ప్రపంచంలోని అనేక దేశాల పిల్లలకు ఇక్కడి మందు చేరింది. అయితే ఆ గోడకు ఇవతల వున్న ఊళ్లలో కామెర్లు రాగానే పసరు కోసం పరుగెత్తేవారు, చేతి మీద వాత పెట్టించుకునేవారు ఇంకా వున్నారు. ఇది ఎంతైనా విచారకరం.

తప్పు పసరు కోసం వెళ్లే వారిది మాత్రమే కాదు. పరిశోధన జరిగింది, మందు తయారైంది, పత్రికల్లో ఫోటోలు పడ్డాయి. కాని ఆ పరిశోధన ఏమి తేల్చిందో ఊరికి వచ్చి, ఊరి మాటలో చెప్పిన వారు తక్కువ. చెప్పనిది జనానికి ఎలా తెలుస్తుంది?

పేరు పసరుకు, పని ఒంటికి

కామెర్లు ఒక జబ్బు కాదు. కాలేయం చెడిందని తెలిపే గుర్తు మాత్రమే. కళ్లు పచ్చబడటానికి, మూత్రం పసుపు రంగులో పోవడానికి కారణాలు చాలా వున్నాయి. కలుషితమైన నీటి ద్వారా వచ్చే హెపటైటిస్ ఏ, ఈ రకాల కామెర్లు ఎక్కువ మందికి కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. ఆ వారాల్లో రోగి పసరు తాగినా, చప్పిడి పత్యం చేసినా, ఏమీ చేయకపోయినా తగ్గేది తగ్గుతుంది. తగ్గించింది ఒంట్లోని శక్తి, పేరు వచ్చింది పసరుకు. పదిమందికి తగ్గితే పదకొండవవాడు అక్కడికే వెళతాడు. తగ్గనివాడు మళ్లీ వచ్చి ఆ సంగతి చెప్పడు.

అందుకే మందు పనిచేస్తుందో లేదో తేల్చడానికి వైద్యులు ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఒకే జబ్బు వున్నవారిని రెండు గుంపులుగా చీటీలు వేసినట్టు విడదీస్తారు. ఒక గుంపుకు మందు ఇస్తారు. రెండో గుంపుకు చూడటానికి అదే మాదిరిగా వుండే ఉత్తుత్తి మందు ఇస్తారు. ఎవరికి ఏది ఇచ్చారో రోగికి తెలియదు, చాలాసార్లు ఇచ్చిన డాక్టరుకు కూడా తెలియదు. చివరికి లెక్క చూస్తారు. రెండు గుంపుల్లోనూ ఒకే తీరుగా తగ్గితే ఆ మందు గొప్పతనం ఏమీ లేదన్నమాట. మందు గుంపులో మాత్రమే ఎక్కువ మందికి తగ్గితే దానిలో విషయం వుందన్నమాట.

పొలం గట్ల మీద మొలిచే నేల ఉసిరి కథ దీనికి మంచి ఉదాహరణ. కామెర్లకు నేల ఉసిరి మందు అని పల్లెల్లో తరతరాలుగా నమ్మకం వుంది. మద్రాసు పరిశోధకులు దానిని కొట్టిపారేయలేదు, పరీక్షకు పెట్టారు. హెపటైటిస్ బి క్రిమి ఒంట్లో వున్నవారిలో 37 మందికి నేల ఉసిరి పొడి, 23 మందికి ఉత్తుత్తి మందు ఇచ్చారు. పొడి తీసుకున్న వారిలో 22 మందికి, ఉత్తుత్తి మందు తీసుకున్న వారిలో ఒక్కరికి క్రిమి జాడ రక్తంలో కనబడకుండా పోయిందని 1988లో ప్రకటించారు. ఆ పరిశోధనలో అమెరికా శాస్త్రవేత్త బ్లంబర్గ్ కూడా వున్నారు. హెపటైటిస్ బి క్రిమిని కనిపెట్టి 1976లో నోబెల్ బహుమతి పొందింది ఆయనే. ఏటా జులై 28న జరిపే ప్రపంచ హెపటైటిస్ దినం ఆయన పుట్టినరోజే.

అయితే కథ అక్కడితో ముగియలేదు. మరికొన్ని చోట్ల మళ్లీ పరీక్షించినప్పుడు ఆ ఫలితం రాలేదు. అన్ని పరీక్షలను కలిపి చూసిన పండితులు నేల ఉసిరి ఈ క్రిమిని పోగొడుతుందని చెప్పడానికి గట్టి ఆధారం లేదని 2011లో తేల్చారు. ఇందులో నేల ఉసిరికి జరిగిన అవమానం ఏమీ లేదు. ఇంగ్లీషు మందు అయినా, చెట్టు మందు అయినా అదే త్రాసులో తూగాలి. పెద్ద శాస్త్రవేత్త చెప్పినా, మళ్లీ పరీక్షించి చూడకుండా ఒప్పుకోకపోవడమే పరిశోధన గొప్పతనం. ఈ సంగతి తెలిసిన మనిషి "నా దగ్గర వందమందికి తగ్గింది" అన్న మాటకు తొందరపడి లొంగడు.

మేడ్చల్‌లో పుట్టిన సూది

నీటి ద్వారా వచ్చే కామెర్ల కంటే ప్రమాదమైనది రక్తం ద్వారా వచ్చే హెపటైటిస్ బి. ఇది చాలామందిలో పచ్చరంగు కూడా చూపించదు. చడీచప్పుడు లేకుండా ఏళ్ల తరబడి కాలేయాన్ని తినేసి, చివరికి కడుపులో నీరు పట్టడంతోనో, కాలేయ క్యాన్సరుతోనో బయటపడుతుంది. ఒకరికి వాడిన సూది మరొకరికి వాడటం, మంగలి కత్తి, పచ్చబొట్టు సూది, పరీక్షించని రక్తం, లైంగిక సంబంధం, వీటన్నిటికంటే ముఖ్యంగా కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డ. ఇవీ అది పాకే దారులు. కలిసి భోజనం చేస్తే రాదు, పక్కన కూర్చుంటే రాదు. దేశంలో 2022 నాటికి సుమారు 2 కోట్ల 98 లక్షల మంది ఈ క్రిమితో బతుకుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఈ జబ్బుకు టీకా వున్నా ఒకప్పుడు అది విదేశాల నుంచే రావాలి. డోసు ధర వందల రూపాయలు. ఇంట్లో ముగ్గురు పిల్లలుంటే, ఒక్కొక్కరికి మూడు డోసులు వేయించాలంటే ఒక కూలీ కుటుంబం కలలో కూడా తలపెట్టలేని ఖర్చు. ఆ రోజుల్లో నెల్లూరు జిల్లాకు చెందిన ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు వరప్రసాద్‌రెడ్డి 1993లో తన తల్లి పేరిట శాంతా బయోటెక్నిక్స్ సంస్థను స్థాపించారు. మందుల వ్యాపారంలో ఆయనకు ముందు అనుభవం లేదు. జెనీవాలో జరిగిన ఒక సదస్సులో భారతదేశాన్ని చులకన చేస్తూ వినిపించిన మాటలే తనలో పట్టుదల పెంచాయని ఆయన చెబుతుండేవారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, సీసీఎంబీలో ఆ పరిశోధన సాగింది. ఈస్ట్ అనే సూక్ష్మజీవిలో టీకా పదార్థాన్ని పెంచే విధానంతో 1997 ఆగస్టులో దేశంలోనే మొదటిసారిగా ఆ తరహా హెపటైటిస్ బి టీకా విడుదలైంది. మేడ్చల్ దగ్గరి అత్వెల్లి ఆ సంస్థకు నెలవు.

ఆ సూది వచ్చాక ధరలు దిగివచ్చాయి. ఇతర దేశీయ కంపెనీలు కూడా అదే బాటలో నడిచాయి. చివరికి ప్రభుత్వాలు కొనే ధర డోసుకు ఒక డాలరు కంటే తక్కువకు పడిపోయింది. ధర తగ్గితేనే సర్కారు ఉచితంగా ఇవ్వగలిగింది. 2011 నుంచి దేశమంతటా పిల్లల టీకాల్లో ఇది చేరింది. కంపెనీ తరువాత ఫ్రెంచి వారి చేతికి వెళ్లినా, ఆ సూది చేసిన మేలు చెరిగిపోయేది కాదు.

మొదటి 24 గంటలు

ఇంతటి మేలు ఒక్క ఆలస్యంతో చేజారిపోవచ్చు. తల్లి ఒంట్లో క్రిమి వుండి, కాన్పులో బిడ్డకు సోకితే, అలా సోకిన పసిపిల్లల్లో నూటికి 90 మంది దాకా జీవితాంతం ఆ క్రిమిని మోస్తారు. అదే క్రిమి పెద్దవారికి సోకితే నూటికి 95 మందికి పైగా ఒంటి శక్తితోనే దానిని వదిలించుకుంటారు. అందుకే పుట్టిన 24 గంటల్లోపు మొదటి సూది పడాలని నియమం పెట్టారు. ఆ తరువాత ఆరు, పది, పద్నాలుగు వారాలకు అయిదు జబ్బుల టీకాతో కలిపి ఇస్తారు. మొదటి సూది తప్పిపోతే తరువాతివి వేయించినా పూడని లోటు మిగిలిపోవచ్చు.

ప్రయివేటు నర్సింగ్ హోముల్లో కాన్పులు జరిగినప్పుడు, సెలవు రోజుల్లో, రాత్రి వేళల్లో ఈ సూది సంగతి మరుగున పడే ప్రమాదం వుంది. పుట్టిన బిడ్డను పురిటి గది నుంచి తెచ్చి చేతిలో పెట్టగానే బరువెంత, ఎవరి పోలిక అని అడగడం వాడుక. దానితోపాటు "కామెర్ల సూది వేశారా? కార్డులో రాశారా?" అని అమ్మమ్మలు, నాయనమ్మలు అడగాలి. గర్భిణికి చేసే రక్త పరీక్షల్లో హెపటైటిస్ బి పరీక్ష వుండేలా ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు చూడాలి. అత్వెల్లి పక్క ఊళ్లో పుట్టిన బిడ్డకు అత్వెల్లిలో పుట్టిన ఆలోచన ఫలం అందకపోతే అంతకంటే దురదృష్టం వుండదు.

ఇప్పటికే క్రిమి సోకిన వారు కూడా నిరాశ పడవలసిన పని లేదు. 2018 జులై 28న ప్రారంభమైన జాతీయ కార్యక్రమం కింద హెపటైటిస్ బి, సి పరీక్షలు, మందులు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. హెపటైటిస్ సి చాలామందికి 12 వారాలు మాత్రలు వాడితే పూర్తిగా నయమవుతుంది. ఒకప్పుడు అలాంటి మాట ఎవరూ అనలేకపోయేవారు. అదీ పరిశోధన పుణ్యమే.

అయిదు చుక్కలు, చిటికెడు ఉప్పు

శామీర్‌పేట మండలం తుర్కపల్లిలోని జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ వుంది. ఇక్కడి నుంచి వచ్చిన రోటావాక్ చుక్కల మందు పసిపిల్లల విరేచనాలకు సంబంధించినది. రోటా అనే క్రిమి వల్ల వచ్చే విరేచనాలకు ఒకప్పుడు దేశంలో ఏటా 78 వేల మంది దాకా చిన్నపిల్లలు బలయ్యేవారని అంచనా. ఢిల్లీలో 1980లలో పుట్టిన పసికందుల్లో దొరికిన బలహీన క్రిమిని ఆధారం చేసుకుని ఈ మందు తయారైంది. ఢిల్లీ, పుణె, వెల్లూరు ప్రాంతాల్లో 6,799 మంది శిశువుల మీద పరీక్ష జరిగింది. ముగ్గురిలో ఇద్దరికి అసలు చుక్కలు, ఒకరికి ఉత్తుత్తి చుక్కలు. తీవ్రమైన రోటా విరేచనాలు మొదటి ఏడాదిలో 56 శాతం తగ్గాయని తేలింది. 2015 మార్చిలో మందు విడుదలైంది. 2016లో ఆంధ్రప్రదేశ్‌తో సహా నాలుగు రాష్ట్రాల్లో ఉచిత టీకాల్లో చేరి, తరువాత దేశమంతటికీ వచ్చింది.

56 శాతమంటే అన్ని విరేచనాలూ ఆగిపోతాయని కాదు. చుక్కలు వేయించాం గదా అని నీళ్ల విషయంలో అశ్రద్ధ పనికిరాదు. విరేచనాలు మొదలైతే మొదట కావలసింది గుల్కోజు సీసా కాదు, ఓఆర్ఎస్ పొట్లం. ఇదీ పరిశోధనతో తేలిన సంగతే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ కాలంలో సరిహద్దు పట్టణం బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా విజృంభించింది. సెలైన్ సీసాలు చాలలేదు. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో నింపి తాగించారు. నూటికి 30 దాకా వున్న మరణాలు నాలుగు కంటే తక్కువకు పడిపోయాయి. 2022లో కన్నుమూసిన ఆయనకు 2023లో పద్మవిభూషణ్ ప్రకటించారు.

ఆ ఉప్పు నీళ్ల పరిశోధనకు, ఇతర పరిశోధనలకు ఒక తేడా వుంది. దాని ఫలితం పుస్తకంలో ఆగిపోలేదు. పొట్లంగా మారి అంగన్‌వాడీకి వచ్చింది, రేడియోలో వినిపించింది, గోడల మీద బొమ్మగా కనిపించింది. చదువురాని తల్లికి కూడా ఎలా కలపాలో తెలిసింది. అందుకే లక్షల ప్రాణాలు నిలిచాయి. మిగిలిన పరిశోధనలకు కూడా ఈ దారి వుండాలి.

తాగుబోతు అన్న నింద

పరిశోధన వల్ల మందు ఒక్కటే కాదు, న్యాయం కూడా జరుగుతుంది. పొట్ట పైభాగంలో మొదలై వీపులోకి పొడుచుకుపోయే నొప్పితో, సన్నబడిపోయి, చిన్న వయసులోనే చక్కెర జబ్బు తెచ్చుకునే యువకులు కొందరుంటారు. అది క్లోమం చెడిపోయే జబ్బు. దానికి తాగుడు ఒక ముఖ్య కారణమన్న మాట నిజమే. అయితే చుక్క ముట్టని వారికి, ఆడవారికి కూడా అది వస్తుంది. అలాంటి రకానికి కర్రపెండలం తిండి కారణమని కూడా చాలా కాలం అనుకున్నారు.

హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు, ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు కలిసి అలాంటి రోగుల రక్తాన్ని పరిశీలించారు. క్లోమంలోని జీర్ణరసం క్లోమాన్నే తినేయకుండా అడ్డుకునే ఒక జన్యువులో చాలామందికి పుట్టుకతోనే లోపం వుందని 2002లో ప్రకటించారు. తల్లిదండ్రుల నుంచి వచ్చిన లోపానికి ఆ యువకుడిని తాగుబోతు అని నిందిస్తే ఎలా? ఈ ఒక్క సంగతి ఊరి పెద్దలకు తెలిస్తే ఎన్నో ఇళ్లలో అనవసరపు పంచాయితీలు తప్పుతాయి. ఆ సంస్థను నెలకొల్పిన డాక్టర్ నాగేశ్వర్‌రెడ్డికి 2025లో పద్మవిభూషణ్ వచ్చింది. ఆ వార్త ఊరూరా తెలిసింది. ఆ పరిశోధన చెప్పిన మాట మాత్రం అంతగా తెలియలేదు.

అదే సంస్థ, హైదరాబాద్ విశ్వవిద్యాలయం కలిసి చేసిన మరొక పరిశీలన 2025లో వెలువడింది. ఐటీ కంపెనీల్లో పనిచేసే 345 మందిని పరీక్షిస్తే వారిలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకున్నట్టు తేలింది. ఇది పట్నం వారి జబ్బు అని మేడ్చల్, శామీర్‌పేట వాసులు తేలిగ్గా తీసుకోరాదు. నిన్న అరక కట్టిన మనిషి భూమి అమ్ముకుని నేడు గేటు దగ్గర కుర్చీలో కూర్చుంటున్నాడు. నాట్లు వేసిన చేతులు ప్యాకింగ్ బల్ల దగ్గర నిలబడుతున్నాయి. నడక పోయి మోటారు సైకిలు వచ్చింది. తిండి మాత్రం దున్నిన రోజుల నాటిదే, దానికి తోడు కూల్‌డ్రింకులు, బేకరీ సరుకు. ఊరు పట్నంగా మారే చోట జబ్బులు కూడా మారతాయి. ఈ మార్పును కొలవడానికి ఈ రెండు మండలాల కంటే తగిన చోటు వుండదు. పరిశోధకులు ఐటీ టవర్ల దగ్గర ఆగిపోకుండా ఇక్కడికి కూడా రావలసి వుంది.

అడగకుండా ముద్ర వేయరాదు

వచ్చినప్పుడు ఊరు ఎలా వ్యవహరించాలన్నది ముఖ్యమైన ప్రశ్న. ఇక్కడి జనానికి పరిశోధన కొత్త కాదు. మేడ్చల్ మండలం ఘన్‌పూర్‌లోని మెడిసిటీ ఆవరణ నుంచి షేర్ ఇండియా సంస్థ చుట్టుపక్కల ఊళ్లలో ఏళ్లుగా ఆరోగ్య పరిశీలనలు జరిపింది. 2009, 2011 మధ్య తల్లీబిడ్డల ఆరోగ్యం మీద జరిపిన ఒక పరిశీలనలో మేడ్చల్ మండలానికి చెందిన 1,227 మంది స్త్రీలు చేరారు. గర్భం రాకముందే గాని, తొలి నెలల్లో గాని పేరు నమోదు చేసుకుని, తమ వివరాలు ఇచ్చి సహకరించారు. పొలం పనులు, వంట పనులు చేసుకునే స్త్రీలు వైద్య శాస్త్రానికి చేసిన ఈ సాయం చిన్నది కాదు.

అయితే ప్రతి పరిశోధనా మంచిగానే జరుగుతుందని కళ్లు మూసుకోరాదు. 2009లో ఖమ్మం జిల్లాలో సుమారు 14 వేల మంది బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరు టీకా వేసిన పరిశీలన జరిగింది. 2010 ఏప్రిల్‌లో దానిని నిలిపివేశారు. ఆ తరువాత జరిగిన విచారణలో బాలికల మరణాలకు టీకా కారణమని తేలలేదు. తేలింది వేరొకటి. తల్లిదండ్రులు చేయవలసిన సంతకాలు చాలాచోట్ల హాస్టల్ వార్డెన్లు చేశారు. పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో దీనిని గట్టిగా తప్పుపట్టింది. టీకా మంచిదే కావచ్చు. అడగకుండా వేస్తే మంచి టీకాకు కూడా చెడ్డపేరే వస్తుంది.

2011లో గుంటూరు జిల్లా పిడుగురాళ్ల ప్రాంతపు పేద స్త్రీలను మధ్యవర్తులు డబ్బు ఆశ చూపి హైదరాబాద్ తీసుకువెళ్లి మందుల పరీక్షల్లో చేర్చారన్న సంగతి బయటపడి సంచలనం కలిగింది. అక్కడ జరిగింది బతుకుతెరువు లేని వారి అవసరాన్ని వాడుకోవడం. పట్నం అంచున, కూలీ పని మీద ఆధారపడిన బస్తీలున్న ఈ ప్రాంతంలో అలాంటి దళారులు తల ఎత్తకుండా పోలీసులు, ఆరోగ్య శాఖ కనిపెట్టి వుండాలి.

తెలిసి ఒప్పుకోవడం ఎలా వుంటుందో ఇదే తుర్కపల్లి టీకా కథలో కనిపిస్తుంది. పేగులను పట్టే టైఫాయిడ్‌కు భారత్ బయోటెక్ తయారుచేసిన టీకాను ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో పరీక్షించారు. వందమందికి పైగా ఆరోగ్యవంతులు ముందుకు వచ్చి, టైఫాయిడ్ క్రిములు కలిపిన ద్రవం తాగారు. ఏమవుతుందో, జ్వరం వస్తే ఏ చికిత్స ఇస్తారో ముందే విని, తెలుసుకుని, ఒప్పుకుని తాగారు. ఆ ఫలితం 2017లో వెలువడింది. ఆక్స్‌ఫర్డ్ చదువరికి ఇచ్చిన గౌరవమే లాల్‌గడి మలక్‌పేట కూలీకి కూడా ఇవ్వాలి.

చట్టం కూడా అదే చెబుతున్నది. 2019 నాటి క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం మందు పరీక్షలో చేరే మనిషికి అర్థమయ్యే భాషలో అన్నీ చెప్పి సమ్మతి తీసుకోవాలి. చదవడం రాకపోతే, పరిశోధనతో సంబంధం లేని సాక్షి ఎదుట చదివి వినిపించాలి. సంతకం చేసిన కాగితం నకలు ఆ మనిషికి ఇవ్వాలి. పరీక్ష వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలి. ఎప్పుడైనా, కారణం చెప్పకుండానే తప్పుకోవచ్చు. తప్పుకున్నంత మాత్రాన ఆసుపత్రిలో మామూలు వైద్యం ఆపరాదు. ప్రతి మందు పరీక్షనూ దేశపు ట్రయల్స్ రిజిస్ట్రీలో ముందే నమోదు చేయాలి. 2009 నుంచి ఇది తప్పనిసరి.

కాబట్టి ఎవరైనా పెట్టె పట్టుకుని వచ్చి రక్తం అడిగితే, వద్దని తరమనక్కర లేదు, గుడ్డిగా చేయి చాపనక్కర లేదు. కొన్ని ప్రశ్నలు అడిగితే చాలు. ఇది చికిత్సా, పరిశోధనా? ఎవరు చేయిస్తున్నారు? ఎథిక్స్ కమిటీ అనుమతి వుందా? తెలుగు కాగితం ఏది? హాని జరిగితే ఎవరిని అడగాలి? చివరికి ఏమి తేలిందో ఎప్పుడు వచ్చి చెబుతారు? నిజమైన పరిశోధకుడు ఈ ప్రశ్నలకు సంతోషిస్తాడు. దళారి విసుక్కుంటాడు. అక్కడే తేడా తెలిసిపోతుంది.

ఫలితం చెప్పే సభ కావాలి

పై ప్రశ్నల్లో చివరిది అన్నిటికంటే ముఖ్యమైనది. సమ్మతి కాగితానికి చట్టం వుంది. తేలిన సంగతి ఊరికి వచ్చి చెప్పడం మాత్రం పరిశోధకుల మంచితనం మీద ఆధారపడి వుంది. రక్తం తీసుకున్న రోజు ఇంటి తలుపు తట్టిన వారు, ఫలితం తేలిన రోజు పట్నంలో సదస్సు పెట్టుకుంటే ఊరికి మిగిలేది సూది గుచ్చిన నొప్పి ఒక్కటే. ఈసారి వచ్చినప్పుడు ఆ ఊరు తలుపు తీయదు. అప్పుడు నష్టపోయేది పరిశోధకుడు, ఊరు కూడా.

ఏ ఊళ్లో పరిశోధన జరిగినా, అది ముగిసిన ఏడాదిలోగా ఆ ఊరి బడి ఆవరణలోనో, చావడి దగ్గరో ఒక సభ పెట్టి తెలుగులో ఫలితం చెప్పాలి. రెండు పేజీల కరపత్రం ఇవ్వాలి. ఎవరి రక్తంలోనైనా జబ్బు కనబడితే ఆ మనిషికి చాటుగా తెలియజేసి, చికిత్స దొరికే చోటికి చీటీ రాసి పంపాలి. ఎథిక్స్ కమిటీలు అనుమతి ఇచ్చేటప్పుడే దీనిని షరతుగా పెట్టవచ్చు. దీనికి కోట్లు ఖర్చు కావు. ఒక సాయంత్రం, ఒక మైకు, నాలుగు కుర్చీలు చాలు.

జిల్లా వైద్య ఆరోగ్య శాఖ కూడా తన వంతు చేయాలి. కాన్పులు జరిగే ప్రతి ఆసుపత్రిలో, సర్కారుదైనా ప్రయివేటుదైనా, 24 గంటల కామెర్ల సూది ఎంతమందికి పడిందో నెలనెలా బోర్డు మీద రాయించాలి. జులై 28న పట్నంలో ర్యాలీ జరిపి ఊరుకోకుండా మేడ్చల్, శామీర్‌పేట ఊళ్లలో హెపటైటిస్ పరీక్షా శిబిరాలు పెట్టాలి. ఇక్కడి భూముల మీద వెలసిన టీకా కంపెనీలు సామాజిక బాధ్యత కింద చేసే ఖర్చులో కొంత ఇందుకు కేటాయిస్తే ఉచితంగా వుంటుంది. మొదటి శిబిరం తమ గేటు ఎదుటి ఊళ్లోనే పెడితే మరీ మంచిది.

జనం చేయవలసింది కూడా వుంది. కళ్లు పచ్చబడితే పసరుకు పోకుండా ముందు రక్త పరీక్ష చేయించుకోవాలి. కామెర్లు తగ్గేదాకా మద్యం, కల్లు ముట్టరాదు. డాక్టరు చెప్పనిదే నొప్పి మాత్రలు మింగరాదు. సూది వేసేవారు కొత్త సిరంజి కవరు ఎదుటే చింపాలని, మంగలి కొత్త బ్లేడు వేయాలని మొహమాటం లేకుండా అడగాలి. వర్షాకాలంలో నీళ్లు కాచి తాగాలి.

అత్వెల్లి, తుర్కపల్లి పేర్లు టీకా సీసాల మీద దేశదేశాలు తిరిగాయి. ఆ ఊళ్ల చుట్టుపక్కల ఒక్క పసిబిడ్డ కూడా మొదటి రోజు సూది లేకుండా ఇంటికి చేరకుండా చూడటం, ఊరిచ్చిన ప్రతి రక్తపు బొట్టుకు ఊరికి జవాబు చెప్పించడం అధికారులకు, పరిశోధకులకు అసాధ్యమైన పని కాదు. ఇకనైనా వారు ఈ విషయంపై దృష్టి సారిస్తారని ఈ ప్రాంత ప్రజలు ఎదురుచూస్తున్నారు.